ఎపిక్ ఫాంటసీ సిరీస్‌లో రెండో భాగం చదవబోతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరుల్లో ఫాంటసీ నవలలు చదివేవాళ్లం కొద్దిమందిమి ఆదివారాలు కలుస్తుంటాం. కొత్తగా వచ్చేవాళ్లు మొదటి భాగం గురించి పెద్దగా ఏమీ అడగరు. దాన్ని ఎలాగోలా చదివేస్తారు. రెండో భాగం చేతికొచ్చాకే టెన్షన్ మొదలవుతుంది. పేర్లు గుర్తులేవు, కథ ఎక్కడ ఆగిందో గుర్తులేదు, కొన్నది సరైన పుస్తకమో కాదో తెలియదు. ఎప్పుడూ ఇవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసిపెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. కథల్లోని మలుపులు ఎక్కడా బయటపెట్టలేదు.

## కొనేముందు

అట్ట మీద "పార్ట్ టూ" అని ఉంది. ఇది సిరీస్‌లో రెండోదేనా?

కాకపోవచ్చు. మన దగ్గర దొరికే పేపర్‌బ్యాక్‌లు చాలావరకు బ్రిటిష్ ప్రచురణలు. నవల మరీ లావుగా ఉంటే వాళ్లు దాన్ని రెండు పుస్తకాలు చేసి అమ్ముతారు. బ్రాండన్ శాండర్సన్ 'స్టార్మ్‌లైట్ ఆర్కైవ్' సిరీస్‌లో మొదటి నవల 'ది వే ఆఫ్ కింగ్స్'. అదే పార్ట్ వన్, పార్ట్ టూ అని రెండు పుస్తకాలుగా దొరుకుతుంది. రెండో నవల 'వర్డ్స్ ఆఫ్ రేడియన్స్' కూడా అంతే. అంటే నవలలు రెండు, పుస్తకాలు నాలుగు. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ సిరీస్‌లో ('గేమ్ ఆఫ్ థ్రోన్స్' టీవీ సిరీస్‌కి మూలం ఇదే) మూడో నవల 'స్టీల్ అండ్ స్నో', 'బ్లడ్ అండ్ గోల్డ్' అనే రెండు పేర్లతో వస్తుంది. ఐదోదాన్నీ ఇలాగే విడగొట్టారు. అందుకే బాక్స్ సెట్‌లో 7 పుస్తకాలు కనిపిస్తాయి కానీ అందులో ఉన్నవి 5 నవలలే.

అట్ట మీది అంకెని నమ్మకండి. లోపల మొదటి పేజీల్లో "ఇదే రచయిత రాసినవి" అనే జాబితా ఉంటుంది. సిరీస్ వరుస అక్కడ చూసుకుని డబ్బులివ్వండి.

విజయవాడలో రెండో భాగం ఒక్కటే ఎక్కడ దొరుకుతుంది?

మొదటి భాగాలు పాత పుస్తకాల కొట్లలో గుట్టలుగా ఉంటాయి. కొని, సగం చదివి, అమ్మేసినవాళ్లు అంతమంది మరి. రెండో భాగం దాకా వచ్చినవాళ్లు దాన్ని అంత తొందరగా వదులుకోరు. అందుకే పాతవాటిలో అది దొరకడం అదృష్టమే. ముందు లెనిన్ సెంటర్ దగ్గర కొట్లు చూడండి. కావాల్సిన పుస్తకం పేరు, రచయిత పేరు కాగితం మీద రాసివ్వండి. నోటితో చెబితే ఆ గుట్టల్లో ఎవరికీ గుర్తుండదు. గుంటూరువాళ్లు ఇందుకోసం ప్రత్యేకంగా బస్సెక్కి రానక్కర్లేదు, వేరే పని మీద వచ్చినప్పుడు చూసుకుంటే చాలు. జనవరిలో జరిగే పుస్తక మహోత్సవంలో ఇంగ్లిష్ నవలల స్టాళ్లు ఉంటాయి, రాయితీలూ ఉంటాయి. ఫలానా భాగమే కావాలని పట్టుదలగా వెళితే మాత్రం నిరాశపడే అవకాశం ఎక్కువ. ఎక్కడా దొరక్కపోతే ఆన్‌లైన్‌లో కొత్తది తెప్పించుకోవడమే.

పాతది కొనేటప్పుడు చివరి ముప్పై పేజీలు తప్పనిసరిగా తిప్పి చూడండి. ఫుట్‌పాత్ మీద చవగ్గా వచ్చే దొంగ ముద్రణల్లో పేజీలు తారుమారవుతుంటాయి. మ్యాప్ చూస్తే అసలుదో నకిలీదో ఇట్టే తెలిసిపోతుంది. నకిలీలో ఊళ్ల పేర్లు నల్లటి మరకల్లా ఉంటాయి.

ఫోన్‌లో చదవాలా, పుస్తకమే కొనాలా?

వెయ్యి పేజీల పుస్తకాన్ని గుంటూరు ప్యాసింజర్‌లో నిలబడి చదవలేరు. ప్రయాణాల్లో చదివేవాళ్లకి ఈబుక్కే మేలు. పాత్ర పేరు కొట్టి వెతికితే అది మొదట ఎక్కడ వచ్చిందో తెలుస్తుంది. మతిమరుపు ఉన్నవాళ్లకి ఇంతకంటే సాయం ఏం కావాలి? మ్యాప్ మాత్రం ఫోన్‌లో దండగ. కొనేముందు ఉచిత శాంపిల్ దించుకుని మొదటి రెండు అధ్యాయాలు చదివి చూడండి.

తెలుగులో దొరుకుతాయా?

అమీష్ త్రిపాఠి రాసిన శివ త్రయం తెలుగు అనువాదంలో వచ్చింది. ఇంగ్లిష్‌లో ఆ మూడు నవలలు 2010, 2011, 2013లో వచ్చాయి. రెండో భాగం అలవాటు చేసుకోవడానికి ఈ సిరీస్ మంచి ఎంపిక. ఎందుకంటే మొదటిది ఏ క్షణంలో ఆగిందో రెండోది సరిగ్గా అక్కడి నుంచే అందుకుంటుంది. పాశ్చాత్య ఎపిక్ ఫాంటసీ దాదాపుగా ఇంగ్లిష్‌లోనే చదువుకోవాలి. మొదటి భాగం ఇంగ్లిష్‌లో పూర్తి చేశారంటే రెండోదానికి కొత్తగా భయపడాల్సింది లేదు. రచయిత అదే, వాక్యం అదే, సగం పదాలు మీకు ఇప్పటికే అలవాటు.

మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. మొదటి భాగం అయిపోయింది, రెండోది కొనిమ్మంటున్నాడు. ఇవ్వొచ్చా?

ఏ సిరీస్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. మార్టిన్ నవలల్లో హింస, లైంగిక విషయాలు దాపరికం లేకుండా ఉంటాయి. అవి పెద్దల పుస్తకాలు. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్, 'ఎర్త్‌సీ' సిరీస్ రాసిన ఉర్సులా లె గ్విన్ పుస్తకాలు నిశ్చింతగా ఇవ్వొచ్చు. చదువు పాడవుతుందన్నదే మీ దిగులైతే, పరీక్షలయ్యాక ఇస్తానని తేదీ చెప్పండి. ఆ తేదీకి కచ్చితంగా ఇవ్వండి. దాచిపెడితే ఫోన్‌లో చదువుతాడు, అప్పుడు మీకు తెలియను కూడా తెలియదు.

## మొదలుపెట్టేముందు

మొదటి భాగం చదివి రెండేళ్లయింది. ఏమీ గుర్తులేదు. మళ్లీ మొదటి నుంచి చదవాలా?

మా దగ్గరికి ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే. చాలామందికి మా జవాబు: వద్దు.

మళ్లీ చదువుదామని కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది రెండో భాగం దాకా రానే రారు. తెలిసిన కథ కదా, మూడొందల పేజీల దగ్గర ఆసక్తి తగ్గుతుంది. మొదటిది సగంలో ఆగిపోతుంది, రెండోది అరలోంచి కదలదు. ఇంకో సంగతి కూడా ఉంది. మీరు మర్చిపోతారని రచయితకీ తెలుసు. 'ది వే ఆఫ్ కింగ్స్' 2010లో వస్తే 'వర్డ్స్ ఆఫ్ రేడియన్స్' 2014లో వచ్చింది. అప్పటి పాఠకులు నాలుగేళ్లు ఆగి చదివారు. అలా ఆగినవాళ్లని దృష్టిలో పెట్టుకునే, ఫలానావాడు ఎవరు, ఎవరి మీద పగ, ఎందుకు పారిపోయాడు అన్నది రెండో భాగంలో మాటల మధ్య మళ్లీ చెబుతారు. ఓ వంద పేజీలు ఓపిక పడితే సగం జ్ఞాపకాలు వాటంతటవే తిరిగొస్తాయి.

చేయాల్సిందల్లా ఇంతే. మొదటి భాగంలో చివరి మూడు నాలుగు అధ్యాయాలు చదవండి. కథ ఎవరిని ఎక్కడ వదిలిందో అక్కడే ఉంటుంది. పుస్తకం చివర పాత్రల పట్టికో పదాల వివరణో ఉంటే ఒకసారి చూడండి. రాబర్ట్ జోర్డాన్ 'వీల్ ఆఫ్ టైమ్' పుస్తకాల చివర ఇలాంటి వివరణ ఉంటుంది. మార్టిన్ పుస్తకాల చివర వంశాలవారీగా జాబితాలుంటాయి. కానీ పట్టిక చూసేటప్పుడు మీరు పూర్తిచేసిన పుస్తకంలోదే చూడండి. తర్వాతి పుస్తకం పట్టికలో ఎవరు రాజయ్యారో, ఎవరు పోయారో ముందే తెలిసిపోతుంది.

మొదటి భాగం ప్రాణంగా నచ్చినవాళ్లకి ఇదంతా అక్కర్లేదు. వాళ్లు ఎలాగూ మళ్లీ చదువుతారు. చదవనివ్వండి.

సినిమా చూశాను. పుస్తకం నేరుగా రెండో భాగం నుంచి మొదలుపెట్టొచ్చా?

కథ అర్థమవుతుంది కానీ అతుకులు సరిగ్గా కుదరవు. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' తీసుకోండి. మొదటి సినిమా చివర్లో కనిపించే ఒక ముఖ్య ఘట్టం, పుస్తకంలో రెండో సంపుటం మొదటి అధ్యాయంలో ఉంటుంది. 2002లో వచ్చిన రెండో సినిమా, రెండో సంపుటం ముగియకముందే ఆగిపోతుంది. గుహలో సాలీడు ఘట్టం పుస్తకంలో రెండో సంపుటంలోది, తెర మీద మూడో సినిమాలో వస్తుంది. టీవీ సిరీస్‌ల సంగతి ఇంకా తేడా. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' మొదటి సీజన్ పుస్తకానికి దగ్గరగానే నడుస్తుంది, రెండో సీజన్ నుంచి దారులు విడిపోవడం మొదలవుతుంది.

టైమ్ లేదంటే నేరుగా రెండోదే పట్టుకోండి, ఎవరూ కేసు పెట్టరు. కానీ పాత్రల మనసులో ఏముందో కెమెరా చూపించదు. మొదటి భాగం వదిలేస్తే మీరు కోల్పోయేది ముఖ్యంగా అదే.

ప్రీక్వెల్ కూడా ఉందంట. కథాకాలం ప్రకారం ముందు అదే చదవాలా?

వద్దు. ప్రచురణ క్రమంలోనే వెళ్లండి. 'వీల్ ఆఫ్ టైమ్'కి ప్రీక్వెల్‌గా 'న్యూ స్ప్రింగ్' నవల 2004లో వచ్చింది, అంటే పదో నవల వచ్చేశాక. ముందు నవలలు చదివినవాళ్లకి కొన్ని విషయాలు తెలిసే ఉంటాయన్న ధీమాతో అలాంటివి రాస్తారు. వాటిని ముందే చదివితే అసలు కథ దాచిపెట్టిన రహస్యాలు అక్కడే తేలిపోతాయి.

సిరీస్ ఇంకా పూర్తి కాలేదు. రచయిత పూర్తి చేస్తాడో లేదో. అయినా రెండో భాగం చదవాలా?

ఈ భయంలో న్యాయం ఉంది. మార్టిన్ ఐదో నవల 2011లో వచ్చింది, ఆరోదాని కోసం ఇంకా ఎదురుచూస్తున్నారు. పాట్రిక్ రోత్‌ఫస్ రెండో నవల కూడా 2011దే, మూడోది రాలేదు. రాబర్ట్ జోర్డాన్ 2007లో చనిపోయేనాటికి సిరీస్ మిగిలే ఉంది. దాన్ని పూర్తి చేయడానికి ఆయన భార్య హారియెట్, బ్రాండన్ శాండర్సన్‌ని ఎంచుకున్నారు. జోర్డాన్ వదిలివెళ్లిన నోట్స్ ఆధారంగా శాండర్సన్ చివరి మూడు నవలలు రాశాడు. ఆఖరిది 2013లో వచ్చింది.

తెలుగువాళ్లకి ఇది కొత్త అనుభవమేమీ కాదు. నన్నయ భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగింది. తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా నడిపాడు. అరణ్యపర్వంలో మిగిలిన భాగాన్ని ఆ తర్వాత ఎర్రన పూరించాడు. నన్నయకీ ఎర్రనకీ మధ్య దాదాపు మూడు శతాబ్దాలు. ఆ ఎడంలో ఉన్నవాళ్లు నన్నయని చదవడం మానలేదు.

ముగింపు తెలియకపోతే నిద్రపట్టదు అనేవాళ్లు పూర్తయిన సిరీస్‌లే ఎంచుకోండి. శాండర్సన్ 'మిస్ట్‌బోర్న్' మొదటి త్రయం 2006 నుంచి 2008 లోపే అయిపోయింది. మిగతావాళ్లు ముగింపు సంగతి పక్కనపెట్టి, రెండో భాగాన్ని ఆ పుస్తకం కోసమే చదవండి.

## చదువుతున్నప్పుడు

పేర్లు గుర్తుండటం లేదు. ఒకే మనిషిని నాలుగు పేర్లతో పిలుస్తున్నారు. ఏం చేయాలి?

ఉరుము ఉరిమితే అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ అని గుక్కతిప్పుకోకుండా చదివే ఇళ్లలో పెరిగాం. ఒకే మనిషికి పది పేర్లు మోయడం మనకి వచ్చు. ఇబ్బంది పేర్లు ఎక్కువ కావడం వల్ల రాదు, ఆ పేరు మన నాలుకకి తిరగకపోవడం వల్ల వస్తుంది. అందుకని పేరుని మీకు తోచినట్టు తెలుగులో రాసుకోండి. ఉచ్చారణ తప్పయినా పర్వాలేదు, ఎప్పుడూ ఒకేలా పలకండి. పక్కన ఒక్క ముక్క చాలు: "ఒంటికన్ను, రాజుగారి తమ్ముడు, అబద్ధాలకోరు". ఈ చీటీని బుక్‌మార్క్‌గా వాడండి. మొదటి భాగంలో ఉన్నవాళ్లందరినీ ఎక్కించకండి. రెండోసారి ఎదురైనవాళ్లనే రాయండి. ఒక్కసారి కనిపించి మాయమయ్యే సిపాయిలు రచయితకే గుర్తుండరు.

మొదటి భాగంలో హీరో రెండోదాంట్లో కనిపించడమే లేదు. తప్పు పుస్తకం కొన్నానా?

లేదు, కొందరు రచయితలు కావాలనే అలా చేస్తారు. స్టీవెన్ ఎరిక్సన్ 'మలజాన్' సిరీస్‌లో రెండో నవల 'డెడ్‌హౌస్ గేట్స్' కథని వేరే ఖండానికి తీసుకెళ్లిపోతుంది. పాత మొహాలు కొన్నే ఉంటాయి, మిగతావాళ్లు మూడో నవలలో తిరిగొస్తారు. లె గ్విన్ 'ఎర్త్‌సీ' సిరీస్‌లో రెండోది 'ది టూంబ్స్ ఆఫ్ అటువాన్' 1971లో వచ్చింది. అది ఒక అమ్మాయి కథగా మొదలవుతుంది, మొదటి నవల నాయకుడు చాలాసేపటికి గానీ రాడు. వచ్చినప్పుడు అతన్ని ఆ అమ్మాయి కళ్లతో, ఒక అపరిచితుడిలా చూస్తాం. మా బృందంలో కొందరికి అదే ఆ పుస్తకంలో అన్నిటికంటే నచ్చిన విషయం. హీరో కోసం పేజీలు తిప్పుతూ కూర్చుంటే మాత్రం ఆ ఆనందం దక్కదు.

నూటయాభై పేజీలయ్యాయి. ఏమీ జరగడం లేదు. రెండో భాగాలన్నీ ఇంతేనా?

అన్నీ కాదు, చాలా. దానికి కారణం కథ నిర్మాణంలోనే ఉంది. మొదటి భాగంలో పాత్రలన్నీ దాదాపు ఒకేచోట ఉంటాయి, చివర్లో చెల్లాచెదురవుతాయి. రెండో భాగం మొదలయ్యేసరికి ఒకరు ఉత్తరాన, ఒకరు సముద్రం మీద, ఒకరు జైల్లో. అందరినీ ఒక చుట్టు పలకరించి రావడానికే రచయితకి నూరు నూటయాభై పేజీలు పడుతుంది. మీకు ఏమీ జరగనట్టు అనిపిస్తున్నది ఈ మొదటి చుట్టే. రెండో చుట్టులో మళ్లీ మొదటి మనిషి దగ్గరికి వచ్చినప్పుడు కథ కదులుతుంది. కాబట్టి తీర్పు రెండో చుట్టు అయ్యేదాకా ఆపండి.

ఇంకో రకం నెమ్మది ఉంది, దాని లెక్క వేరు. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రెండో సంపుటం 'ది టూ టవర్స్' విడి నవల కానే కాదు. టోల్కీన్ రాసింది ఒకే పెద్ద నవల. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాగితం ఖరీదు చూసి ప్రచురణకర్తలు దాన్ని మూడు సంపుటాలు చేశారు. మొదటిది 1954 జులైలో, రెండోది అదే ఏడాది నవంబరులో, మూడోది 1955 అక్టోబరులో వచ్చాయి. మధ్య సంపుటంలో ఆరంభం, ముగింపు వెతికితే దొరకవు. పైగా సగం పుస్తకం ఒక బృందం వెంటే నడుస్తుంది, మిగతా సగం ఇంకో ఇద్దరి వెంట. ఇలాంటివాటిని రోజుకో అధ్యాయం చొప్పున చదివితే నడక పట్టుబడదు. సెలవు రోజు చూసుకుని ఒక పొడుగాటి ముక్క ఒకేసారి చదవండి. మే నెలలో మన ఎండకి మధ్యాహ్నం బయటికెళ్లేది ఎలాగూ లేదు.

ఇన్ని చెప్పినా, కొన్ని రెండో భాగాలు నిజంగానే బాగోవు. రచయిత మూడో భాగానికి సామాన్లు సర్దుకుంటూ ఆరొందల పేజీలు లాగించేస్తాడు. అలాంటప్పుడు విసుగు మీ తప్పు కాదు.

నాకు నచ్చిన పాత్ర అధ్యాయాలే చదివి, మిగతావి దాటేయొచ్చా?

మార్టిన్ పుస్తకాల్లో ప్రతి అధ్యాయం మీద పాత్ర పేరు ఉంటుంది కాబట్టి ఈ ఆశ పుడుతుంది. చదవొచ్చు, కానీ ఒక పాత్ర చేసిన పని ఫలితం ఇంకో పాత్ర అధ్యాయంలో బయటపడుతుంది. దాటేసినవాళ్లకి చివర్లో సగం సంగతులు ఆకాశం నుంచి ఊడిపడినట్టుంటాయి. మరీ విసుగనిపించే పాత్ర ఒకరైతే, ఆ అధ్యాయాల్లో మొదటి రెండు పేజీలు, చివరి రెండు పేజీలు చదివి ముందుకెళ్లండి.

మ్యాప్ ప్రతిసారీ చూడాలా?

యుద్ధాలప్పుడు, ప్రయాణాలప్పుడు చూడండి. మిగతా సమయంలో అక్కర్లేదు. ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకుంటే పేజీలు వెనక్కి తిప్పే బాధ తప్పుతుంది.

ఇంగ్లిష్ పదాలు చాలా తెలియడం లేదు. ప్రతి పదానికీ నిఘంటువు చూడాలా?

కవచాల పేర్లు, కోటలో భాగాల పేర్లు, ఓడ తాళ్ల పేర్లు ఇంగ్లిష్‌వాళ్లలోనే చాలామందికి తెలియవు. అది ఏదో ఒక రకం కవచం అని తెలిస్తే కథకి చాలు. ఒకే పదం నాలుగైదుసార్లు వచ్చి, ప్రతిసారీ మిమ్మల్ని ఆపితే అప్పుడు చూడండి. నిఘంటువులో లేదంటే బహుశా రచయిత సృష్టించిన పదమే. దాని అర్థం పుస్తకంలోనే ఎక్కడో దొరుకుతుంది.

## మధ్యలో ఆగిపోతే

సగంలో ఆపి మూడు నెలలైంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మొదటి పేజీకి వెళ్లకండి. బుక్‌మార్క్ ఉన్నచోటు నుంచి రెండు అధ్యాయాలు వెనక్కి వెళ్లండి. పాత్రలు మారుతూ నడిచే పుస్తకమైతే, ఒక్కో ముఖ్య పాత్ర చివరగా కనిపించిన అధ్యాయంలో ఆఖరి పేజీ మాత్రం చూసుకోండి. అరగంట పని. అప్పటికీ దారి దొరక్కపోతే ఇప్పటికే చదివిన స్నేహితుణ్ణి "ఇక్కడిదాకా ఏం జరిగిందో చెప్పు, ఒక్క ముక్క కూడా ముందుకెళ్లొద్దు" అని అడగండి. ఫాంటసీ చదివేవాళ్లు కథ చెప్పమంటే కాఫీ డబ్బులు కూడా వాళ్లే ఇస్తారు.

ఇంటర్నెట్‌లో వెతికితే స్పాయిలర్లు కనబడుతున్నాయి. ఎలా తప్పించుకోవాలి?

పాత్ర పేరుని గూగుల్‌లో కొట్టకండి. పేరు పూర్తి చేసేలోపే కింద సూచనల్లో చావు కబురు చెప్పేస్తుంది. అభిమానులు నడిపే వికీల్లో మొదటి వాక్యమే ప్రమాదం: "ఫలానా దేశానికి మాజీ రాణి" అంటే అయిపోయినట్టే. వెతకడం తప్పనిసరైతే పుస్తకం పేరు, అధ్యాయం సంఖ్య వేసి, అధ్యాయాలవారీ సారాంశం చూడండి. మీరు చదివిన అధ్యాయం దగ్గరే ఆగండి. కిండిల్‌లో ఎక్స్-రే (పాత్రల వివరాలు పుస్తకంలోనే చూపించే సౌకర్యం) ఉన్న పుస్తకాలకి అది కొంత నయం, కానీ దాన్నీ పూర్తిగా నమ్మకండి.

నచ్చడం లేదు. మానేస్తే మొదటి భాగం చదివిన టైమ్ వృథా అయినట్టేనా?

కాదు. మొదటి భాగం మీకు నచ్చింది కదా, దాని లెక్క అక్కడితో సరి. మానేయండి.

## ముగించాక

వెంటనే మూడోది మొదలుపెట్టాలా, కొంత విరామం ఇవ్వాలా?

కట్టప్ప చంపింది ఎందుకో తెలుసుకోవడానికి 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా ఆగినవాళ్లం మనం, కాబట్టి ఆగడం చేతకాక కాదు. రెండో భాగం ఉత్కంఠ దగ్గర తెగితే, మూడోది చేతిలో ఉంటే, ఆగడంలో అర్థం లేదు. కానీ వెయ్యి పేజీలు ఏకబిగిన చదివి అలసిపోయారంటే మధ్యలో ఒక చిన్న పుస్తకం, వేరే రకంది, చదవండి. కథలైనా సరే, డిటెక్టివ్ నవలైనా సరే. ఆపేముందు మాత్రం ఒక పని చేయండి. ఎవరెక్కడున్నారు, ఎవరికి ఏ రహస్యం తెలుసు, ఏ ప్రశ్న తేలలేదు అన్నది అర పేజీలో రాసి మూడో భాగం అట్ట లోపల పెట్టుకోండి. ముగించిన రోజే రాయాలి. వారం పోతే ఆ అర పేజీ రాయడానికి పుస్తకం మళ్లీ తెరవాల్సి వస్తుంది.

ఇంట్లో చోటు లేదు. చదివేసినవి అమ్మేయొచ్చా?

సిరీస్ ముగిసేదాకా ఉంచితే మంచిది, పాత సంగతి వెతుక్కోవాల్సిన అవసరం పడుతూనే ఉంటుంది. తప్పదంటే మ్యాప్, పాత్రల పట్టిక ఉన్న పేజీలు ఫోటో తీసుకుని ఇచ్చేయండి. మొదటి భాగం, రెండో భాగం కలిపే ఇవ్వండి. జత పుస్తకాలకి కొనేవాళ్లు ఉంటారు. రెండోది ఒక్కటే తీసుకెళితే కొట్టువాళ్లు అట్టు తిరగేసినట్టు ఇటూ అటూ తిప్పి, తూకం ధర చెబుతారు.